రాజు ఉన్నాడా? రాణి ఉన్నదా?



ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకొన్నవాడు పేకాటను గురించి వ్రాయడమేమిటని మీలో కొందరు నొసలు చిట్లించవచ్చును. చిట్లించండి, కాని కడదాకా చదవండి. నా ప్రతిపాదన చిన్నది. ప్రతి తెలుగు ఇంటిలోను ఒక పేక ఉండాలి. రాత్రి భోజనాలు ముగిసిన తరువాత, అరగంటకు మించని ఆట ఒకటి ఇంటిల్లిపాదీ కూర్చుండి దానితో ఆడాలి. ఆ ఆటలో డబ్బు ఉండరాదు, మాట ఉండాలి. డబ్బు ఉండరాదన్న నియమాన్ని మీరందరూ వెంటనే ఒప్పుకొంటారు. మాట ఉండాలన్న నియమం ఎందుకో చెప్పడానికే ఈ టపా.

పేకకు మన ఇండ్లలో చెడ్డపేరు ఊరకే రాలేదు. మూడు ముక్కలాటలోను, లోన–బయట ఆటలోను పొలాలు పోగొట్టుకొన్న గృహస్థులు లేని ఊరు కోస్తాలో గాని తెలంగాణలో గాని అరుదు. సంక్రాంతి వచ్చిందంటే కోడిపందెపు బరుల ప్రక్కనే గుండాట బల్లలు, పేక శిబిరాలు వెలుస్తాయి. ఇక ధర్మరాజు, నలుడు ఉండనే ఉన్నారు. పిల్లవాడు పేకముక్క ముట్టుకొంటే చాలు, పెద్దవాళ్ళ నోట శకుని పేరు వచ్చేది. అయితే నలోపాఖ్యానం చదివినవారు ఒక సంగతి గమనించే ఉంటారు. నలుణ్ణి అడవులపాలు చేసినవి పాచికలే, అతనికి రాజ్యం తిరిగి ఇచ్చినవీ పాచికలే. నడుమ ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను, కాయలను లెక్కించి చూపి అక్షహృదయం అనే విద్యను అతనికి నేర్పుతాడు. మన పూర్వులు జూదాన్ని గర్హించినప్పుడు కూడ అందులో లెక్క ఉన్నదని, ఆ లెక్క విద్య అని గుర్తించారు. మనమే రెంటినీ ఒకే మూటగట్టి అటకమీదికి విసిరివేశాము.

న్యాయస్థానాలు కూడ ఈ మూటను విప్పవలసి వచ్చింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం 1967లో తీర్పు చెబుతూ, మూడు ముక్కలాటవలె రమ్మీ కేవలం అదృష్టంమీద ఆధారపడినది కాదని, ఏ ముక్క పడిందో జ్ఞాపకం పెట్టుకొని, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో నిర్ణయించడంలో నేర్పు కావాలని అన్నది. ఈ సగం వాక్యాన్ని పట్టుకొని తరువాత ఎందరు ఎన్ని వ్యాపారాలు నడిపారో చెప్పనక్కరలేదు. పందెం ఆటవలన ఇల్లు నడిపేవాడు లాభం తీస్తూ ఉంటే అది నేరం కావచ్చునన్న మిగిలిన సగం మాత్రం ఎవరూ ఎత్తరు. అంతర్జాలంలో డబ్బు పెట్టి ఆడే రమ్మీని తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రప్రభుత్వమే నేర్పు, అదృష్టం అన్న భేదం లేకుండా డబ్బుతో ముడిపడిన ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. మంచిదే. ఫోనులో ఒంటరిగా కూర్చుండి తెలియనివానితో ఆడి అప్పులపాలైన యువకుల వార్తలు చదివి చదివి విసిగిపోయాము. ఆ దుకాణం మూతపడింది గదా, ఇంటిలోని అట్టపెట్టెకు ఇప్పుడైనా అపకీర్తి తొలగాలని నా కోరిక.

ఇక్కడ ఒక మాట. ఇంటి ఆట అనగానే చాలామంది రమ్మీ వేద్దామంటారు. పదమూడు ముక్కల ఆట మంచి ఆటే గాని, ఇంటిల్లిపాదికీ తగినది కాదని నా నిశ్చితాభిప్రాయం. చూడండి: ఆరుగురు చుట్టూ కూర్చుంటారు. ఎవరి ముక్కలలో వారు మునిగిపోతారు. ఒకరు ముక్క తీస్తారు, ఒకటి పారవేస్తారు. గంటసేపు గడిచినా వినబడేవి రెండే మాటలు: ‘డ్రాపు’, ‘షో’. ఆపైన లెక్కలు వ్రాసే కాగితం, నూట ఒకటి, రెండు వందల ఒకటి అంటూ సాగే పద్దు. మొదట ఔటైన పిల్లవాడు ఏం చేయాలి? మళ్ళీ ఫోను తీసుకోవాలి. ఎనిమిదేండ్ల పాపకు సీక్వెన్సు లేకుండా ముక్కలు చెల్లవని చెప్పి ఏడిపించడం ఒకటి. ఆరుగురు ఆరు ద్వీపాలుగా కూర్చుండే ఆటకు ఆరుగురు ఒకచోట చేరడమెందుకు? రైలులో నలుగురు మిత్రులకు అది చాలా బాగుంటుంది. మనుమలతో ఆడడానికి బాగుండదు.

ఆటలోకి వెళ్ళేముందు కొంచెం మాటల ముచ్చట. పండితవృత్తిలో ఉన్నవానికి ఇది తప్పని వ్యసనం, క్షమించాలి. మన పేకలోని రంగుల పేర్లు ఎప్పుడైనా ఆలోచించారా? ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు. డైమను ఇంగ్లీషే. కళావరు మాత్రం ఇంగ్లీషు క్లబ్బుకు ఏ విధంగానూ చుట్టం కాదు. డచ్చివారు ఆ రంగును క్లావరు అంటారు, ఆఠీనును హార్తెన్ అంటారు, తురుపును త్రూఫ్ అంటారు. డచ్చివారు పదిహేడవ శతాబ్ది తొలినాళ్ళలోనే మచిలీపట్టణంలో వర్తకస్థానం పెట్టుకొన్నవారు. ఓడలు దిగిన నావికుల చేతిపేక మన రేవులలో ఎవరి చేతికి అందిందో, ఎలా అందిందో ఊహించుకొనవచ్చును. ఈ పోలికను చూచి కళావరు మచిలీపట్టణం మీదుగా మన భాషలోకి నడచి వచ్చిందని నమ్మడం నాకు ఇష్టం. ఏమైనా అవి ఇప్పుడు అచ్చంగా మన మాటలు. తురుపుముక్క అన్నా, బేస్తుపడ్డాడన్నా పేక పట్టనివానికి కూడ అర్థమవుతుంది. అటువంటి మాటలు మన మనుమలకు తెలియకుండా పోతున్నాయి. వాళ్ళకు అవి స్పేడు, హార్టు, క్లబ్బు. కన్యాశుల్కంలో మధురవాణి ఇంట పేకాట రంగం చదివి నవ్వుకోవాలంటే ముందు ఈ మాటలు చెవిన పడి ఉండాలి గదా.

అంతకు ముందూ మనకు పేక లేకపోలేదు. గంజీఫా ఉండేది. బాబరు తన స్వీయచరిత్రలో దానిని ప్రస్తావించాడు. గుండ్రని ముక్కలు, ఒక్కొక్కటీ చేతితో చిత్రించినది. మన నిర్మల చిత్రకారులు వాటిని వ్రాసినవారే. దశావతార గంజీఫాలో పది అవతారాలకు పది రంగులు, రంగుకు రాజు, మంత్రి, పది అంకెల ముక్కలు, వెరసి నూట ఇరవై. సగం రంగులలో పది గొప్పది, మిగిలిన సగంలో ఒకటి గొప్పది. పగలు ఆడితే రాముడు ఉన్నవాడు, రాత్రి ఆడితే కృష్ణుడు ఉన్నవాడు మొదలుపెట్టాలట! ఎంత అందమైన నియమం! కాని నూట ఇరవై గుండ్రని ముక్కలను చిన్నపిల్ల చేత పట్టలేదు, జేబులో పెట్టుకొని ఎవరూ బస్సు ఎక్కలేరు. ఏబది రెండు ముక్కల పేక దానిని ఓడించడానికి గల కారణాలలో ఇదీ ఒకటై ఉంటుంది. చొక్కా జేబులో పట్టేది, పంచె మడతలో దాగేది చివరకు నిలిచింది. గంజీఫా ఇప్పుడు గాజుబీరువాలలో ఉన్నది.

సరే, అసలు విషయానికి వస్తాను.

విదేశాలలో ఉన్న పిల్లల దగ్గరకు ఆరు నెలల వీసాతో వెళ్ళివచ్చే తాతమ్మలు, నాయనమ్మలు మనలో ఎందరో ఉన్నారు. అక్కడి మనుమలకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడరు. ‘తిన్నావా’ అంటే ఇంగ్లీషులో జవాబు వస్తుంది. అక్కడిదాకా ఎందుకు, హైదరాబాదులోను, విశాఖలోను కూడ అదే పరిస్థితి. పిల్లవాడు తెలుగు వాక్యం పూర్తిగా చివరి క్రియతో సహా చెప్పడం చాలా ఇండ్లలో పండుగపూట సంఘటనగా మారింది. దీనికి మనం చేస్తున్న వైద్యమేమి? వేమన పద్యాలు కంఠస్థం చేయిస్తాము. పద్యం వస్తుంది, మాట రాదు. అతిథులముందు పద్యం చెప్పిన పిల్ల మరుక్షణం ‘కెన్ ఐ గో నౌ’ అంటుంది. ఎందుకంటే పద్యంలో ఆ పిల్లకు కావలసినదేదీ లేదు. మాట రావాలంటే ఆ మాటవలన ఏదో దక్కాలి. ఆకలి వేసిన పసివాడు ‘అమ్మ’ అన్నది వ్యాకరణం చదివి కాదు.

పేకలో అడిగి పుచ్చుకొనే ఆటలని ఒక జాతి ఉన్నది. ఇంగ్లీషువారు చేపలు పట్టే ఆటగా దానిని పిలుచుకొంటారు. మా ఇంట దానికి ‘ఉన్నదా–లేదా’ అని పేరు. తలా ఐదు ముక్కలు పంచి మిగిలినవి మధ్యలో బోర్లించాలి. నా చేతిలో ఒక తొమ్మిది ఉంటే, ఎవరినైనా పేరుపెట్టి పిలిచి ‘నీ దగ్గర తొమ్మిదులు ఉన్నవా?’ అని అడుగుతాను. ఉంటే ఇవ్వాలి, నేను మళ్ళీ అడుగుతాను. లేకపోతే ‘లేవు, తీసుకో’ అంటారు, మధ్యనుండి ఒకటి తీసుకొంటాను, వంతు మారుతుంది. నాలుగూ చేరితే ఒక కట్ట. ఎక్కువ కట్టలు కట్టినవాడు గెలుస్తాడు. ఐదేండ్ల పిల్లకు ఐదు నిమిషాలలో వస్తుంది, పావుగంటలో ముగుస్తుంది. ఇందులో మేము పెట్టిన నియమం ఒక్కటే అదనం. తెలుగులో సరిగా అడిగితేనే ముక్క ఇవ్వాలి. క్రియ తప్పితే ముక్క రాదు.

తమాషా అక్కడే ఉన్నది. రాజు కావాలంటే ‘రాజు ఉన్నాడా?’ అనాలి. రాణి కావాలంటే ‘రాణి ఉన్నదా?’ అనాలి. తొమ్మిది కావాలన్నా ‘ఉన్నదా?’ అనే అనాలి. ఒకటికి మించి అడిగితేనో? ‘రాజులు ఉన్నారా?’ సరే. ‘రాణులు ఉన్నారా?’ ఇదిగో, ఏకవచనంలో తొమ్మిదితో కలిసి నడచిన రాణి బహువచనం రాగానే రాజుల పంక్తిలో చేరిపోయింది! తొమ్మిదులు మాత్రం ‘ఉన్నవా?’ అనే ఉండిపోయాయి. మహత్తు, మహతి, క్లీబము అంటూ నల్లబల్లమీద గీతలు గీసి ఎనిమిదవ తరగతికి రెండు పీరియడ్లు చెప్పిన పాఠం ఇది. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో అచ్చయింది. అప్పటినుండి ఎన్ని తరాల పంతుళ్ళు ఈ సంగతి చెప్పి పిల్లలను నిద్రపుచ్చారో! పేకలో ఒక రాజు, ఒక రాణి, ఒక తొమ్మిది చాలు, మూడు వాచకాలూ చేతిలోకి వచ్చేస్తాయి. ముక్క దక్కాలన్న ఆశతో పిల్ల రాత్రికి నలభైసార్లు ఆ క్రియలను నోట పలుకుతుంది. నలభైసార్లు అదే వాక్యం చెప్పమని బడిలో ఏ పిల్లవాణ్ణి అడిగినా పారిపోతాడు. ఇక్కడ తానే అరచి అడుగుతాడు. (ఉన్నదా అనండి, ఉందా అనండి, మీ ప్రాంతపు పలుకుబడి మీది. దానికి నేను ముక్క ఆపను.)

మా మనుమరాలు ఒకరోజు ‘తాతయ్యా, నీ దగ్గర రాజుగారు ఉన్నారా?’ అని అడిగింది. నా దగ్గర ఒక్క రాజే ఉన్నాడు. బహువచనం వాడింది గనుక ఇవ్వనక్కరలేదని నేను, గౌరవార్థక బహువచనం గనుక ఇవ్వవలసిందేనని మా ఇంటావిడ. సభ రెండుగా చీలింది. ముక్క ఇవ్వవలసి వచ్చిందనుకోండి. పదేండ్లు దాటని పిల్ల గౌరవార్థక బహువచనాన్ని తనంతట తాను కనిపెట్టి ప్రయోగించిందంటే ఒక రాజు పోతే పోయాడు.

పిల్లలు కాస్త పెద్దవారైతే దీనికి అన్నగారి వంటి ఆట ఒకటి ఉన్నది. దాని పేరే ‘లిటరేచర్’! దక్షిణాదిలో హాస్టళ్ళలోను, రైళ్ళలోను తరతరాలుగా ఆడుతున్న ఆట. సాహిత్యమన్న పేరు దానికెందుకు వచ్చిందని నన్ను అడగకండి, నాకు ఆ పేరే చాలును. పేకలో నాలుగు ఎనిమిదులను తీసివేస్తే నలభై ఎనిమిది ముక్కలు. ప్రతి రంగూ రెండు కట్టలు: రెండు మొదలు ఏడువరకు చిన్నది, తొమ్మిది మొదలు ఆసువరకు పెద్దది. అంటే ఎనిమిది కట్టలు, కట్టకు ఆరు ముక్కలు. ఆరుగురు రెండు పక్షాలుగా, ఒకరు విడిచి ఒకరు కూర్చుంటారు. తలా ఎనిమిది ముక్కలు. ఎదుటి పక్షంవారినే అడగాలి. ఆ కట్టలో ఒక ముక్కైనా మన చేతిలో ఉంటేనే అడగాలి. మన దగ్గర ఉన్న ముక్కను అడగరాదు. ‘కళావరు రాణి ఉన్నదా?’ ఉంటే ఇస్తారు, మళ్ళీ మనదే వంతు. లేకుంటే వంతు వారిది. ఒక కట్టలోని ఆరు ముక్కలూ మన పక్షంలోనే ఉన్నవని తెలిసినప్పుడు, ఏది ఎవరి దగ్గర ఉన్నదో ఒక్కొక్కటిగా చెప్పి ఆ కట్టను పడవేయాలి. తప్పు చెబితే, మా ఇంటి పద్ధతిలో, ఆ కట్ట ఎదుటివారిది.

చూడడానికి ఏమీ లేనట్లు ఉంటుంది. ఆడితే తెలుస్తుంది. ప్రతి ప్రశ్నా ఒక రహస్యాన్ని బయటపెడుతుంది. కళావరు రాణిని అడిగినవాని చేతిలో పెద్ద కళావరు ఒకటైనా ఉన్నది, రాణి మాత్రం లేదు. లేదన్నవాని సంగతీ తెలిసిపోయింది. ఆరుగురి నోట వచ్చిన ప్రతి మాటా జ్ఞాపకం పెట్టుకోవాలి. మొదటిసారి ఆడినప్పుడు నాకు అష్టావధానం తోచింది. పృచ్ఛకుడు అడిగినది, తాను చెప్పినది, మధ్యలో అప్రస్తుత ప్రసంగం. మా ఇంట ఆ అప్రస్తుత ప్రసంగ బాధ్యతను మా అల్లుడు ఎవరూ అప్పగించకుండానే నిర్వహిస్తాడు. ధారణకు ఇంతకన్న సులభమైన అభ్యాసం నేనెరుగను. వయసు మళ్ళినవారికి జ్ఞాపకశక్తి పెరుగుతుందని నేను వాగ్దానం చేయను, అది వైద్యులు చెప్పవలసిన మాట. డెబ్బదేండ్లు దాటిన మా వదినగారు మాత్రం ప్రతి ముక్క చిరునామానూ చెప్పి మమ్మల్ని చిత్తు చేస్తారు, అంతవరకు సాక్ష్యం ఇవ్వగలను.

ఇంకొక సంగతి కూడ ఇందులో ఉన్నది. మన ఇండ్లలో కోడలు మామగారిని ఏదైనా నేరుగా అడగడం ఇప్పటికీ తక్కువే. భర్త ద్వారానో, అత్తగారి ద్వారానో కబురు వస్తుంది. ఆటలో ఎదుటి పక్షంలో కూర్చున్న కోడలు ‘మామయ్యగారూ, మీ దగ్గర ఇస్పేటు ఆసు ఉన్నదాండీ?’ అని కళ్ళలోకి చూచి అడుగుతుంది. మామగారు ఇవ్వక తప్పదు. మరుక్షణం ‘ఇస్పేటు రాజు?’ అంటుంది. ‘అండీ’ పోలేదు, మర్యాద పోలేదు, ముక్కలు మాత్రం పోయాయి. ఇది ఇంటికి మంచిది. ఉపన్యాసాలవలన రాని చనువు ఇందువలన వస్తుంది.

చాలా చిన్న ఆటలూ ఉన్నాయి. గాడిదాట మీకందరికీ తెలుసు. ఆటగాళ్ళెందరో అన్ని జాతుల ముక్కలు, జాతికి నాలుగు. ఒక్కొక్క ముక్కను ప్రక్కవానికి జరుపుతూ, నాలుగూ ఒకే జాతివి చేరగానే మధ్యలో చేయి వేయాలి. చివరగా చేయి వేసినవానికి ఒక అక్షరం. ఇంగ్లీషులో ఆడితే ఆ మాటకు ఆరు అక్షరాలు, ఆట తెమలదు. తెలుగులో గా, డి, ద. మూడు దెబ్బలకు ఆట పూర్తి. భోజనం వడ్డించేలోగా ఒక గాడిద తేలిపోతుంది. మన లిపి సంక్షిప్తతకు ఇంతకంటె ఉదాహరణ ఏమి కావాలి? ఓడిపోయే పిల్లలు మాత్రం ఇంగ్లీషు గాడిదనే కోరుకొంటారు, ఆయుర్దాయం ఎక్కువని.

పేక కూడ లేనప్పుడు రాముడు–సీత చీటీలు. నోటుపుస్తకంలో ఒక కాగితం చించి ఆరు ముక్కలు చేసి రాముడు, సీత, లక్ష్మణుడు, భరతుడు, శత్రుఘ్నుడు, ఆంజనేయుడు అని వ్రాసి మడిచి విసరాలి. రాముడు వచ్చినవాడు తానెవరో చెప్పి, మిగిలినవారి ముఖాలు చూచి సీతను కనిపెట్టాలి. కనిపెట్టలేకపోతే తన అంకె ఆమెకు, ఆమె సున్నా తనకు. బరువు లేదు, ఖర్చు లేదు, పిల్లలు తెలుగులో ఆరు పేర్లు వ్రాయక తప్పదు. శత్రుఘ్నుడికి ఘకారం క్రింద నావత్తు పెట్టడం నేను బడిలో నేర్పినవారికంటె ఈ చీటీలలో నేర్చుకొన్నవారే ఎక్కువ.

బ్లఫ్ ఆటను గురించి నాలో నాకే కొంత తగవు ఉన్నది. ముక్కలు బోర్లించి వేస్తూ ‘మూడు రాజులు’ అని అబద్ధం చెప్పవచ్చును, పట్టుబడితే కుప్ప అంతా తీసుకోవాలి. పిల్లలకు ఇది ప్రాణం. అబద్ధం నేర్పడమేనా అని ఒక మిత్రుడు అడిగాడు. భాగవతంలో శుక్రాచార్యుడు బలికి బొంకదగిన చోట్లు చెప్పాడు. ఆ పట్టికలో పేకాట లేదు. బలి ఆ పట్టికనూ త్రోసిపుచ్చాడు. నా తీర్పు ఏమిటంటే, వారానికి ఒకసారి ఆడనివ్వవచ్చును. అబద్ధం చెప్పేటప్పుడు మనుమడి చెవులు ఎర్రబడతాయని ఆటలో తెలిసింది, బయట కూడ పనికి వస్తున్నది.

ఊనో తెచ్చుకోరాదా అంటారు. తెచ్చుకోండి, నాకు పగ లేదు. 1971లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక క్షురకుడు తన ఇంటివారితో ఆడుకోవడానికి కల్పించిన ఆట అది. ఇంటికోసం పుట్టి లోకమంతా తిరిగింది. ఆటగా బాగుంటుంది. కాని అందులో నోరు తెరవవలసినది ఒక్కసారే, ఆ ఒక్కమాటా మనది కాదు. పైగా నూరుకు మించిన ముక్కలు, వాటితో ఆ ఒక్క ఆటే. ఏబది రెండింటి పేకతో ఎన్ని ఆటలైనా ఆడవచ్చును. ప్రయాణపు సంచిలో చోటు ఉన్నవారు రెండూ పెట్టుకోండి.

పేక కొనేటప్పుడు కొంచెం చూచి కొనండి. వెడల్పు తక్కువగా ఉండేది, సుమారు ఏబది ఏడు మిల్లీమీటర్లది, పిల్లల చేతికి పొందికగా ఉంటుంది. అరువది మూడు దాటినది పెద్దల చేతులకు. కళ్ళు మసకబారినవారికి అంకెలు లావుగా అచ్చువేసిన పేకలు దొరుకుతాయి. ప్లాస్టిక్ ముక్కలు జారుతాయి గాని టీ పడినా తుడుచుకోవచ్చును. నేను ఒక పేక ముక్కలమీద సన్నని మార్కరుతో ౨ నుండి ౧౦ వరకు మన అంకెలు వ్రాశాను. ఆసు, జాకీ, రాణి, రాజులకు ఆ, జా, ణి, రా. వెనుకవైపు ముట్టుకోలేదు, దొంగాట అన్న అపవాదు రాకుండా. మా మనుమలిద్దరికీ నెల తిరగకుండానే తెలుగు అంకెలు వచ్చాయి. ఇది పంచాంగం చూచి నేర్చుకొన్నవారు ఇప్పుడెందరున్నారు?

ఒకప్పుడు సికింద్రాబాదునుండి విశాఖకు వెళ్ళే గోదావరి ఎక్స్‌ప్రెస్సులో, కాజీపేట దాటకముందే బెర్తులమధ్య సూట్‌కేసు నిలబెట్టి, పైన దినపత్రిక పరచి పేక మొదలుపెట్టేవారు. ఎదుటి బెర్తు అపరిచితుణ్ణి ‘ఒక చేయి తక్కువైంది, రండి’ అని పిలిచేవారు. తెల్లవారేసరికి సంబంధాలు కుదిరిన సందర్భాలు కూడ విన్నాను. ఇప్పుడు పెట్టెలో అందరి ముఖాలమీద నీలికాంతి. అపరిచితుణ్ణి పిలవడం ఈ రోజులలో క్షేమమా అంటే నేనూ సందేహిస్తాను. సొంతవాళ్ళను పిలవడానికి సందేహమెందుకు? ముగ్గురు పిల్లలు, ఇద్దరు పెద్దలు, ఒకే పెట్టె, ఐదు ఫోనులు. జేబులో నూరు గ్రాముల పేక ఉంటే ఐదుగురూ ఒకవైపుకు తిరుగుతారు.

పందెం సంగతి మరొకసారి చెప్పి ముగిస్తాను. డబ్బు వద్దుగాని చింతపిక్కలు పెట్టుకొందామని కొందరంటారు. నేను చింతపిక్కలనూ ఒప్పుకోను. చింతపిక్క ఈరోజు పిక్క, రేపు బఠాణీ, ఎల్లుండి రూపాయి. ముక్క వేసేటప్పుడు పిల్లవాని కన్ను ఎదుటివాని ముఖంమీద ఉండాలి గాని ఎదుట ఉన్న కుప్పమీద ఉండకూడదు. ఓడినవారికి మా ఇంట ఉన్న శిక్ష మరునాటి ఉదయం మంచినీళ్ళ సీసాలు నింపడం. అది ఎవరో ఒకరు ఎలాగూ చేయవలసిందే.

మా ఇంట తేలని తగవు ఒకటి మీ ముందు పెడుతున్నాను. జోకరు మహత్తా, అమహత్తా? ‘జోకరు ఉన్నాడా?’ అంటుంది మనుమరాలు, టోపీ పెట్టుకొన్న మనిషి గదా అని. ముక్కకు విలువ లేదు గనుక ‘ఉన్నదా’ అనే అనాలంటాడు మనుమడు. పండితులు, పామరులు ఎవరైనా సరే, వ్యాఖ్యలలో తీర్పు చెప్పండి. చేతితోనే మీ ఇంట రాముడి చీటీకి ఎన్ని మార్కులో కూడ వ్రాయండి. మా ఇంట వెయ్యి.